హేమలత చేతిలో బుట్ట

జూన్ 8, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు బిషప్పుగారి ఉత్తర్వు చదివారు. మా పాస్టరేటులో పద్నాలుగు ఊళ్ళున్నాయి, అయ్యగారు ఒక్కరే. కొండమీది ఊళ్ళకు ఆయన మళ్ళీ వెళ్ళేసరికి రెండు నెలలు పడుతోంది. అందుకని ఈ ఏడాది నుంచి పాస్టరేటుకు ఒకరికి లే రీడరుగా లైసెన్సు ఇస్తారట. బాప్తిస్మం, ప్రభుభోజనపు బల్ల అయ్యగారి చేతిలోనే ఉంటాయి. మిగతా ఆరాధన నడపడం, వాక్యం చెప్పడం లైసెన్సు ఉన్నవాళ్ళు చెయ్యవచ్చు. ఆడవాళ్ళు కూడా అర్హులే అన్న మాట రెండుసార్లు చదివారు. రెండోసారి చదివినప్పుడు నా వైపు చూశారు.

ఇంకెవరి వైపు చూస్తారు? ఈయనకు అరకు ట్రాన్స్‌ఫరై వచ్చిన ఏడాది నుంచి వాక్యపఠనం నేనే చేస్తున్నాను. గుళ్ళో ఆడవాళ్ళ సంఘం, స్త్రీల మైత్రి, దాని లెక్కలు నావే. కృపావతిగారు రాశారంటే ఇంక చూడక్కర్లేదు అని సంఘపెద్దలు సంతకం పెట్టేస్తారు.

బెల్లం అయిపోయింది. సంత దాకా ఆగాలి.

జూన్ 10, మంగళవారం

దరఖాస్తు ఇచ్చాను. పనసగరువు హేమలత కూడా ఇచ్చిందని అయ్యగారి భార్య చెప్పారు.

మంచిదే. ఆ పిల్లకు సండే స్కూల్లో వేలు పెట్టి చదవడం నేర్పింది నేనే. ఇప్పుడు పెళ్ళై, కాఫీ తోట చూసుకుంటూ, ఇద్దరు పిల్లల తల్లి. అయినా నన్ను టీచరమ్మా అనే పిలుస్తుంది. నా దగ్గర నేర్చుకున్న మనిషి దరఖాస్తు పెట్టిందంటే నాకే పేరు. నాకేమీ కష్టంగా లేదు.

జూన్ 15, ఆదివారం

దరఖాస్తు పెట్టినవాళ్ళు కొండమీద ఒక ఊళ్ళో ఆరాధన నడిపి చూపించాలి. నాకు పనసగరువు ఇచ్చారు. హేమలత మొగుడు ఫల్గుణ జీపులో వెళ్ళాం, అయ్యగారు, ఇద్దరు సంఘపెద్దలు, ఈయన, నేను. తప్పిపోయిన గొర్రె గురించి ప్రసంగం రాసుకున్నాను. మూడు భాగాలు. ఇంట్లో గడియారం పెట్టుకుని చదివి చూసుకున్నాను.

అక్కడివాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడేది ఆదివాసీ ఒరియా. తెలుగు బస్సుకీ సంతకీ సరిపోయేంత వచ్చు, ప్రసంగానికి చాలదు. అయ్యగారు హేమలతను లేపి నా పక్కన నిలబెట్టారు. నేను రెండు వాక్యాలు చెబితే ఆమె పది చెప్పింది. నేను నవ్వు పెట్టని చోట జనం నవ్వారు. నేను ఏడుపు పెట్టని చోట ఒక ముసలాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆరాధన అయ్యాక అందరూ వచ్చి వందనాలు చెప్పారు. నాకు చెప్పి, వెళ్ళి ఆమె చేతులు పట్టుకున్నారు.

తిరుగు దారిలో హేమలత సంత బజారు దాకా మాతోనే వచ్చింది. నేను చెప్పిందేమిటి, నువ్వు చెప్పిందేమిటని అడిగాను.

"మీరు సెప్పిందే టీచరమ్మా. మా ఊళ్ళో గొర్రెల్లేవు కదా, మేకనేసాను."

"నవ్వెందుకు వచ్చింది మరి?"

"ఆ మేక మా మావదని సెప్పాను. పోనేడు నిజంగానే పోనాది. దాన్నెతుకుతూ పోయి మా మావ తప్పిపోనాడు. మేక బేగి ఇంటికొచ్చేసింది."

ఫల్గుణ స్టీరింగు మీద కొట్టుకుని నవ్వాడు. అయ్యగారు నవ్వారు. ఈయన కూడా నవ్వారు. నా ప్రసంగానికి ఈయన ఎప్పుడూ నవ్వలేదు.

జూన్ 22, ఆదివారం

కొండమీద ఇంకో ఊళ్ళో హేమలత వంతు, వాళ్ళ మాటలోనే. చేతిలో కాగితం లేదు. అందరూ ముందుకు వంగి వింటున్నారు, నేను చుట్టపుచూపుగా వచ్చినదానిలా కూర్చున్నాను. ప్రసంగంలో ఒక్క ముక్క అర్థం కాలేదు. కాగితం లేదంటే తయారు కాలేదనే అర్థం.

తెలుగులో చదవాల్సిన ఆరాధన క్రమంలో ఒక ప్రార్థన వదిలేసింది. నేను గుర్తుపెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. అయ్యగారి భార్యకు మాత్రం చెప్పాను.

జూలై 5, శనివారం

ఎంపిక జాబితా వచ్చింది, మొదటి పేరు హేమలత. రెండో పేరు నాది.

ఇల్లంతా దులిపాను. అటక మీది డబ్బాలు దించి కడిగాను.

జూలై 6, ఆదివారం

లైసెన్సు ఇచ్చే ముందు పేరు మూడు ఆదివారాలు గుళ్ళో చదవాలి, పెళ్ళి ప్రకటన చదివినట్టే. తగిన అభ్యంతరం ఎవరికైనా తెలిస్తే మూడో ప్రకటన లోపల లేచి, అందరి ముందూ నోటితో చెప్పాలి. ఈ రోజు మొదటిది. ఎవరూ లేవలేదు. నేను వెళ్ళి అభినందించాను. అందరూ చూశారు.

"మీరుండగా నాకేటి టీచరమ్మా, నాకు సిగ్గుగా ఉంది" అంది. సిగ్గుగా ఉన్నవాళ్ళు దరఖాస్తు ఎందుకు పెడతారు?

జూలై 9, బుధవారం

బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే ఏప్రిల్ నెల గుర్తొచ్చింది. కొండ ఊళ్ళల్లో ఇటుకల పండుగ. ఇంటింటి విత్తనాలూ ఊరి దేవత దగ్గరికి తీసుకెళ్తారు. పూజారి అన్నీ కలిపి, ఇంటికింత తిరిగి ఇస్తాడు. అవి కలుపుకునే విత్తుతారు. మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయే బళ్ళను ఆపి, డబ్బులడిగి, పాడి, ఆడి వదులుతారు. మా సంఘంవాళ్ళు ఆ రోజుల్లో విత్తనాలు ఇవ్వకూడదు, ఆ గుంపులో నిలబడకూడదు.

ఆ రోజు ఈయనా నేనూ ఆటోలో వస్తుంటే కర్ర దగ్గర ఆపారు. ఆ ఆడవాళ్ళలో హేమలత ఉంది. చేతిలో ఏదో ఉన్నట్టు గుర్తు.

జూలై 11, శుక్రవారం

సంతలో బుట్టలు చూశాను. అలాంటి బుట్టే. చిన్నది, వెదురుది.

జూలై 13, ఆదివారం

రెండో ప్రకటన. ఎవరూ లేవలేదు.

నాకు అసూయ లేదు. ఒకవేళ ఉంటే అడుగు తీసెయ్యి తండ్రీ అని ప్రార్థన చేశాను. ప్రార్థన అయ్యాక కూడా బుట్ట గుర్తుంది. అసూయ వల్ల వచ్చిందైతే ప్రార్థనతో పోవాలి కదా. పోలేదంటే అది నిజమన్నమాట.

జూలై 16, బుధవారం

అన్నం పెడుతూ ఈయనను అడిగాను, ఆ రోజు హేమలత చేతిలో బుట్ట చూశారా అని.

"బుట్టేటి? నేనేటీ చూడలేదు" అన్నారు.

"చోళ్ళు. విత్తనాల చోళ్ళు ఉన్నాయి అందులో."

"నువ్వు చూసేవా?"

"ముందు కూర్చున్నది నేను కదా."

ఈయన ముద్ద కలుపుకుంటూ, "ఆ పిల్ల మనల్ని చూసి కర్రెత్తించి డబ్బుల్లేకండా పంపించేసింది. నాకదే గుర్తు. మరి ఆ సంగతి కూడా చెప్తావా?" అన్నారు.

పప్పులో ఉప్పు ఎక్కువైందేమోనని అడిగాను. లేదన్నారు.

జూలై 20, ఆదివారం

మూడో ప్రకటన. లేచాను.

సంఘం మంచి కోసం చెబుతున్నానని మొదలుపెట్టాను. ఇటుకల పండుగలో కర్ర దగ్గర నిలబడిందని, చేతిలో దేవత దగ్గర కలిపిన విత్తనాల బుట్ట ఉందని, అందులో చోళ్ళున్నాయని చెప్పాను. అయ్యగారు హేమలతను అడిగారు.

"కర్ర కాడ ఉన్నానండి. మా అత్త రమ్మంది, మా ఊరి ఆడోళ్ళందరూ ఉన్నారు, పోయేను. అది తప్పయితే తప్పే. గింజలు మా ఇంట్లోంచి పోలేదు. బుట్ట నేను పట్టలేదు."

"కృపావతిగారు చూశానంటున్నారు కదమ్మా."

హేమలత నా వైపు తిరిగింది. కోపంగా చూస్తుందనుకున్నాను. అలా చూస్తే నాకు తేలికయ్యేది. లెక్క ఎక్కడ తప్పిందో వెతికేవాళ్ళలా చూసింది.

"టీచరమ్మ సూసేనంటే నేనేటి సెప్పను" అని కూర్చుంది.

సంఘపెద్దల్లో ఒకాయన, కృపావతిగారు గుండుసూది కొన్నా రాసుకునే మనిషి, ఊరికే అనరు అన్నారు. అందరూ తలలూపారు.

జూలై 21, సోమవారం

తలనొప్పి. వంట ఈయనే చేసి, కంచం నా పక్కన పెట్టి వెళ్ళిపోయారు.

ఆగస్టు 3, ఆదివారం

కమిటీ తేల్చింది. హేమలత లైసెన్సు ఏడాది పాటు ఆపుతారు, వచ్చే ఏడు మళ్ళీ చూస్తారు. రెండో పేరు నాది కాబట్టి నాకు ఇస్తారు. ఇది నేను అడగలేదు.

ఆగస్టు 10, ఆదివారం

బిషప్పుగారు వచ్చారు. మోకరించి ప్రమాణం చేశాను. నెత్తిమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, లైసెన్సు చేతికిచ్చారు, నీలం కండువా వేశారు. ఫోటోలు బాగా వచ్చాయి. ఒక్క ఫోటోలో కళ్ళు మూసుకున్నాను.

ఏ ఊళ్ళకు వెళ్ళాలో అయ్యగారు చదివారు. మొదటిది పనసగరువు, వారం వారం.

పనసగరువువాళ్ళు ఎవరూ రాలేదు. వాన అన్నారు. ఇక్కడ చినుకు లేదు. కొండమీద పడిందేమో.

ఆగస్టు 17, ఆదివారం

ఫల్గుణ జీపు మామూలుగానే వచ్చింది. "వందనాలు టీచరమ్మా" అన్నాడు. దారంతా ఇంకేమీ మాట్లాడలేదు. అంతకుముందు ఆ మనిషి నోరు మూతపడేది కాదు.

నాకోసం బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, అడవిపూలు పెట్టారు. పెట్టింది హేమలతేనట. నేను వాక్యం మొదలుపెట్టగానే వచ్చి పక్కన నిలబడింది, ఎవరూ చెప్పకుండానే. మళ్ళీ అదే. నావి రెండు, ఆమెవి పది. నీలం కండువా నా మెడలో ఉంది, జనం కళ్ళు ఆమె మీద ఉన్నాయి. ఇంత జరిగాక కూడా ఆమె ఎందుకు వచ్చి నిలబడాలి? మంచితనం చూపించడానికి కాకపోతే? అది కూడా నా పక్కనే నిలబడి చూపించాలా?

చివర్న ఒకావిడ వచ్చి హేమలత బుగ్గలు నిమిరి ఏడ్చింది. ఎందుకని నేను అడగలేదు.

ఆగస్టు 18, సోమవారం

లైసెన్సుతో ఇచ్చిన నిబంధనలు మళ్ళీ చదివాను. ఆరాధనలో వాక్యం చెప్పేది అనుమతి ఉన్నవాళ్ళే. స్పష్టంగా ఉంది. పైగా ఆమె విషయం ఆగి ఉంది. అయ్యగారికి ఫోన్ చేసి గుర్తుచేశాను.

"అనువాదం చెయ్యడం కూడా వాక్యం చెప్పడమేనంటారా?" అన్నారాయన.

"ఆమె చేసేది అనువాదం కాదు కదండీ" అన్నాను.

సరే, ఆమెకు చెబుతానన్నారు.

ఆగస్టు 24, ఆదివారం

ఇది పూర్తిగా రాయాలి.

కృతజ్ఞత గురించి ప్రసంగం. మా అమ్మ పిడికెడు బియ్యం సంగతి చెప్పాను. రోజూ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి గుడికని వేరే కుండలో వేసేది. ఇంట్లో అయిదుగురికి నలుగురి బియ్యమే ఉన్న రోజు కూడా తీసింది. మేం అలిగితే, ఆ పిడికెడూ కలిపినా మీ కడుపు నిండదు, తీస్తే మాత్రం మనం ఇచ్చేవాళ్ళమవుతాం అనేది. ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

హేమలత ఆడవాళ్ళ వరసలో పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లేవలేదు. మొదటి భాగం అయ్యాక అలవాటుగా ఆగాను. జనం ఆమె వైపు చూశారు, ఆమె తల వంచుకుంది. రెండో భాగం చెప్పాను. మా అమ్మ మాట చెప్పి తలెత్తి చూశాను. ఎదుట అన్ని ముఖాలు, ఒక్క ముఖంలోనూ మా అమ్మ లేదు. మూడో భాగం మానేసి ప్రార్థన చేశాను. ఆమేన్ గట్టిగా అన్నారు, అయిపోయిందని తెలిసి.

జీపు దగ్గరికి వచ్చేసరికి ఫల్గుణ లేడు. హేమలత ఇంటి వాకిట్లో అందరూ చేరారు. కాఫీ గింజలు ఆరబోసే కళ్ళం అది. ఆమె అరుగు మీద కూర్చుని మాట్లాడుతోంది. నాకు ఒళ్ళు మండింది. గుళ్ళో వద్దంటే ఇంటి దగ్గర పెట్టింది సభ. ఈ సంగతి కూడా అయ్యగారికి చెప్పాలనుకుని, సరిగ్గా చూసి చెబుదామని దగ్గరికి వెళ్ళాను. చివర్న హేమలత అత్త జరిగి చాప మీద చోటిచ్చింది. కూర్చున్నాను. హేమలత నన్ను చూసింది, ఆగలేదు.

ఏదో అంటూ ఆమె పిడికిలి బిగించింది. ఆ పిడికిలి తీసుకెళ్ళి పక్కన లేని కుండలో విప్పింది. మళ్ళీ బిగించింది, మళ్ళీ విప్పింది. ఎదురుగా పిల్లలు అలిగినట్టు మూతి ముడిచింది. ఆడవాళ్ళు చిన్నగా నవ్వారు. తర్వాత గొంతు తగ్గించి ఒక్క మాట చెప్పింది. నా పక్కన ఆమె అత్త కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఏం చెబుతోంది?" అని అడిగాను, తెలిసి కూడా.

"నువ్వు సెప్పిందేనమ్మా. మీయమ్మ బియ్యం కతట. టీచరమ్మ సెప్పింది, మీకు తెలీలేదు, ఇనండి అంటన్నాది."

మా అమ్మ ఆ వాకిట్లో ఉంది. ఎసట్లో బియ్యం పోస్తూ, మా వైపు వీపు పెట్టి. నేను పిలిస్తే రాలేదు, ఆమె పిలిస్తే వచ్చింది.

లేచి వచ్చేశాను. ఫల్గుణ బేగి వచ్చి జీపు తీశాడు.

ఆగస్టు 26, మంగళవారం

ఆమె నా పేరు చెప్పకుండా సొంతంలా చెప్పుకుని ఉంటే ఎంత బాగుండేది. ఒక్క తప్పు చేసి ఉండాల్సింది. చిన్నదైనా చాలు.

ఆగస్టు 28, గురువారం

ఈయన సబ్బు పెట్టుకుని చేతులు కడుక్కుంటుంటే వెనకనుంచి అన్నాను, బుట్ట లేదేమో అని.

"లేదేమో కాదు, లేదు" అన్నారు. తువ్వాలు అందుకుని, "నీకూ తెలుసు" అన్నారు.

అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. రహస్యంగా సర్దుకునే దారి ఉందేమోనని అడిగాను. లేదు. అభ్యంతరం ఎలా చెప్పారో అలాగే లేచి, అదే గుళ్ళో, నోటితో వెనక్కి తీసుకోవాలి. లైసెన్సు అప్పగించాలి. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కోప్పడలేదు, నీళ్ళు తాగండమ్మా అన్నారు.

ఆగస్టు 30, శనివారం

రేపు అయిదో ఆదివారం. అయిదో ఆదివారం వస్తే పద్నాలుగు ఊళ్ళవాళ్ళూ అరకు గుడికి దిగి వస్తారు. జనం తక్కువగా ఉన్న ఆదివారం చెబితే మర్యాదగా ఉంటుందేమో. కానీ తక్కువగా ఉన్న ఆదివారం చెప్పానంటే మళ్ళీ అదే పని చేసినట్టు.

కండువా ఉతికి ఆరేశాను.

ఆగస్టు 31, ఆదివారం

గుడి నిండి, వరండాలో కూడా జనం. పనసగరువువాళ్ళు వెనక వరసల్లో కూర్చున్నారు. ప్రకటనల సమయంలో అయ్యగారు నన్ను పిలిచారు. ముందుకు వెళ్ళి నిలబడ్డాను. రాసుకెళ్ళలేదు.

"ఇటుకల పండుగ రోజు నేను హేమలతను చూశాను, కర్ర చూశాను. బుట్ట చూడలేదు. చూశానని చెప్పాను, లైసెన్సు నాకు రావాలని" అన్నాను.

గుండుసూది మాట అన్న సంఘపెద్ద తల దించుకున్నారు. ముందు వరసలో నా మైత్రి ఆడవాళ్ళు నన్ను కాకుండా ఒకరినొకరు చూసుకున్నారు. వెనక వరసల్లోంచి ఎవరో ఏటన్నాది, ఏటన్నాది అని అడుగుతున్నారు. వాళ్ళకు నా మాట అందలేదు. అయ్యగారు హేమలత వైపు చూశారు. నేనూ చూశాను, వాళ్ళ మాటలో చెప్పడానికి ఇంకెవరూ లేరు కదా.

ఆమె లేవలేదు. "అది నా నోటితో సెప్పించకండి టీచరమ్మా" అంది. మొదటిసారి ఆమె గొంతులో కోపం విన్నాను. "ఈ గుళ్ళో నెలన్నర నా మొగం ఎవలూ సూడలేదు. మా అత్తని గింజల ముసలి అన్నారు. మీరు సెప్పింది నాకు తెలిసింది, సాలు."

"వాళ్ళకి తెలియాలి కదమ్మా. నాకు రాదు. నువ్వు చెప్పు" అన్నాను.

ఆమె లేచి, వెనక్కి తిరిగి, వాళ్ళ మాటలో చెప్పింది. నేను చెప్పింది ఎంతసేపు, ఆమె చెప్పింది ఎంతసేపు. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఒకసారి చేత్తో నన్ను చూపించింది. నాకు అర్థమైన మాట ఒక్కటే, టీచరమ్మ. అది విన్నప్పుడు జనం ముఖాలు మారాయి. ఇందాక నేను చెప్పినప్పుడు ఈ తెలుగువాళ్ళ ముఖాల్లో అసహ్యం చూశాను. అక్కడ అది లేదు. ఒక ముసలాయన లేచి, నా వైపు చూసి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

లైసెన్సు, కండువా అయ్యగారి చేతికిచ్చి వచ్చి నా చోట కూర్చున్నాను. ఈయన నా చేతిసంచి తీసి తన పక్కన పెట్టుకుని జరిగారు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని ఇది రాస్తున్నాను. మనసు తేలికవుతుందని అయ్యగారు అన్నారు. కొంచెం అయింది. కానీ ఒకటి రాయకుండా ఉండలేను. ఆ తప్పు నాది. చేసింది నేను, దాన్ని మోసి, నలిగి, లేచి ఒప్పుకున్నది నేను. ఆ ఒప్పుకోలు కూడా ఆమె నోట్లోనే బాగుంది.